చిన్న పడవలో నది మీద: గేలం, వేట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ పడవ అంటే ఒకరిద్దరు మోసుకెళ్లి నీళ్లలోకి దించగలిగిన పడవ. తెడ్డుతో నడిచేది, మహా అయితే వెనక చిన్న మోటారు తగిలించుకునేది. సముద్రం సంగతి వేరు, దాని జోలికి పోవడం లేదు.

పడవ, గేలం, తుపాకీ: ముందు ఏది నేర్చుకోవాలి?

ముందు పడవ, తర్వాత గేలం, ఆఖరున తుపాకీ. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పెద్ద చేప మీదో వేట మీదో మోజుతో సామానంతా కొనేసి, పడవ దాన్ని మోయడానికే అన్నట్టు చూస్తారు. కానీ నీళ్ల మీద ఎవరైనా చనిపోయారంటే కారణం సాధారణంగా బరువు ఒక పక్కకు ఒరగడం, లైఫ్ జాకెట్ లేకపోవడం, నీటి చల్లదనం, ప్రవాహాన్ని తక్కువ అంచనా వేయడం. ఈ నాలుగూ పడవకు సంబంధించినవే.

అందుకే మొదటి కొన్ని సార్లు గేలం ఇంట్లోనే వదిలేయండి. ఖాళీ పడవతో, ఒడ్డు దగ్గర, నిదానంగా పారే నీళ్లలో తిరగండి. నడుము లోతు మించని గోరువెచ్చని నీళ్లలో, పక్కన తోడు పెట్టుకుని, కావాలనే ఒకసారి పడవను తిరగేసి మళ్లీ ఎక్కి చూడండి. అది ఎంత కష్టమో ముందే తెలిస్తే మిగతా జాగ్రత్తలు ఎవరూ చెప్పకుండానే తీసుకుంటారు.

ఎలాంటి పడవ కొనాలి?

మీరొక్కరే ఎత్తి నీళ్లలో పెట్టగలిగే పడవ కొనండి. మోయడానికి నలుగురు కావాల్సిన పడవ ఎంత మంచిదైనా ఏడాదిలో ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉంటుంది.

ఇక ఆకారం. అడుగు చదునుగా ఉన్న పడవ ఎక్కగానే కదలకుండా నిలకడగా అనిపిస్తుంది. తక్కువ లోతులో కూడా పోతుంది. నిదానమైన నదికి, చేపలు పట్టడానికి బాగుంటుంది. అయితే అల పక్క నుంచి వచ్చినప్పుడు అది అలతో పాటే ఒరుగుతుంది, ఒక హద్దు దాటితే చెప్పాపెట్టకుండా బోల్తా కొడుతుంది. అడుగు గుండ్రంగా గానీ వి ఆకారంలో గానీ ఉంటే ఎక్కేటప్పుడు ఊగి భయపెడుతుంది కానీ ఒరిగాక ఇంకా తట్టుకుని నిలబడుతుంది. మొదటి రకంలో నిలకడ ముందుంటుంది, రెండో రకంలో చివర్లో ఉంటుంది. కొట్లో ఎక్కి చూసి "ఇది ఊగడం లేదు, ఇదే మంచిది" అని తీర్మానించుకోవద్దు.

పొడవు పెరిగితే పడవ తిన్నగా, వేగంగా పోతుంది. తగ్గితే చటుక్కున మలుపు తిరుగుతుంది. రాళ్లూ మలుపులూ ఉన్న సన్నటి నదికి పొట్టిది, వెడల్పాటి నదికి పొడుగుది మేలు. కయాక్ (రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ) కొనేవాళ్లు పైన కూర్చునే రకంతో మొదలుపెడితే మంచిది. లోపల కాళ్లు పెట్టే రకంలో నీళ్లు నిండితే తోడిపోయడం పెద్ద పని. పైన కూర్చునే దాంట్లోంచి నీళ్లు వాటంతట అవే రంధ్రాల్లోంచి కిందికి పోతాయి. గాలి నింపే పడవలు తేలికే కానీ గాలి వీస్తే నీళ్ల మీద జారిపోతుంటాయి, గేలపు ముల్లు దగ్గర కాస్త టెన్షన్ కూడా. గాలి గదులు కనీసం రెండు మూడు విడివిడిగా ఉన్నవే తీసుకోండి.

పడవలో ఎంతమంది ఎక్కొచ్చు?

పడవకు బిగించిన రేకు మీద తయారీదారు రాసిన అంకె ఉంటే అదే మాట. అది లేని చిన్న పడవకు అమెరికా కోస్ట్ గార్డ్ ఒక సులువైన లెక్క చెబుతుంది: పొడవును వెడల్పుతో గుణించి (రెండూ అడుగుల్లో) 15తో భాగించండి. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటే 48ని 15తో భాగించగా 3 చిల్లర వస్తుంది, అంటే ముగ్గురు. ఆ ముగ్గురూ ఒక్కొక్కరు 68 కిలోల మనుషులనీ, నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయనీ అనుకుని వేసిన లెక్క ఇది. మోటారు, ఇంధనం, ఐస్ పెట్టె, కుక్క ఎక్కితే మనిషిని తగ్గించుకోవాల్సిందే.

లెక్క కన్నా కంటికి కనిపించే గుర్తు ఇంకొకటుంది. అందరూ కూర్చున్నాక నీటి మట్టానికీ పడవ అంచుకూ మధ్య ఎంత ఎత్తు మిగిలిందో చూడండి. జానెడు కూడా లేకపోతే బయల్దేరొద్దు. అడుగున చేరే నీళ్లను కూడా చులకన చేయొద్దు. మూడున్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న అడుగులో 5 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే సుమారు 175 కిలోలు. ఆ బరువు ఒకచోట ఉండదు. పడవ ఏ పక్కకు ఒరిగితే నీళ్లూ ఆ పక్కకే పరిగెత్తి ఇంకా ఒరిగిస్తాయి. తోడిపోసే డబ్బాకు తాడు కట్టి పడవలోనే ఉంచడం అందుకే.

పడవలో నిలబడొచ్చా?

కూర్చుని చేయగలిగిన పనిని నిలబడి చేయొద్దు. చోటు మారాలంటే వంగి, రెండు అంచులూ పట్టుకుని, పడవ నడిమధ్యన కదలండి. ఒకరు కదిలేటప్పుడు మిగతావాళ్లు కూర్చునే ఉండాలి. మొహమాటపడకుండా ఇంకో మాట: మూత్రానికని అంచున నిలబడి నీళ్లలో పడేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒడ్డుకు వెళ్లండి, లేదా ఒక సీసా పెట్టుకోండి.

నాకు ఈత బాగా వచ్చు. లైఫ్ జాకెట్ తప్పదా?

తప్పదు. ఈత వచ్చినవాళ్లే ఈ ప్రశ్న అడుగుతారు, ఒంటి మీద జాకెట్ లేకుండా దొరికేదీ తరచు వాళ్లే. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా విడుదల చేసే ప్రమాదాల లెక్కల్లో నీట మునిగి చనిపోయినవాళ్లను చూస్తే, ప్రతి పది మందిలో ఎనిమిది మందికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్లే. ఈ నిష్పత్తి ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు.

కారణం ఒంట్లోనే ఉంది. నీరు వేడిని గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే శరీరం మన మాట వినదు, ఒక్కసారిగా ఊపిరి లోపలికి పీల్చేస్తుంది. ఆ క్షణంలో తల నీళ్ల కింద ఉంటే పీల్చేది నీళ్లనే. చల్లటి నీళ్లలో మనిషికి ఏమవుతుందో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గార్డన్ గీస్‌బ్రెక్ట్ ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఆయన చెప్పిన లెక్క 1-10-1గా పేరుపడింది. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం. చేతులూ కాళ్లూ పనికొచ్చేలా కదిలేది 10 నిమిషాలు. చలికి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. అంటే చలి చంపడానికి గంట పడుతుంది కానీ, ఈత పది నిమిషాల్లోనే పోతుంది. ఆ మిగతా యాభై నిమిషాలు తల పైన ఉంచేది జాకెట్ ఒక్కటే.

కొనేటప్పుడు జాకెట్ తేలించే బలాన్ని న్యూటన్లలో రాసిన అంకె చూడండి. 50 అని ఉంటే ఈత వచ్చి, స్పృహలో ఉండి, సాయం దగ్గర్లో ఉన్నవాళ్లకు. 100 అయితే ప్రశాంతమైన నీళ్లలో మనిషిని వెల్లకిలా తిప్పేలా తయారు చేస్తారు. 150 పెద్ద నీళ్లకు. బక్కిల్సన్నీ పెట్టుకున్నాక ఇంకొకరిని భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా వస్తే అది మీ కొలత కాదు. గాలి నిండే రకం వాడేవాళ్లు గ్యాస్ సిలిండర్ మర బిగుతుగా ఉందో లేదో బయల్దేరే ప్రతిసారీ చూసుకోవాలి. జాకెట్‌ను సీటు కింద పెట్టుకుంటే లేనట్టే లెక్క. పడ్డాక నీళ్లలో వేసుకోవడం దాదాపు అసాధ్యం.

నదిని చూసి ఏం తెలుసుకోవాలి?

ఇది వచ్చినవాళ్లకు సగం పడవ నడపడమూ, సగం చేపలు పట్టడమూ వచ్చేసినట్టే. నీటి పైతలం చూస్తే అడుగున ఏముందో తెలుస్తుంది.

నున్నటి నీటి పట్టీ వి ఆకారంలో ఏర్పడి, దాని మొన దిగువకు చూస్తుంటే అది రెండు రాళ్ల మధ్య దారి. మొన ఎగువకు, అంటే మీ వైపు చూస్తుంటే ఆ మొన దగ్గర రాయి ఉంది. మలుపులో బయటి ఒడ్డు వైపు లోతు, ఒరవడి రెండూ ఎక్కువ, లోపలి ఒడ్డు వైపు ఇసుక మేట ఉంటుంది. పెద్ద రాయి వెనక నీళ్లు వెనక్కి తిరిగి నిలిచినట్టుంటాయి. అక్కడ పడవ ఆపుకుని ఊపిరి తీసుకోవచ్చు. ముందు నది ఒక గీత గీసినట్టు ఆగిపోయి, దాని అవతల చెట్ల కొమ్మల పైభాగమే కనిపిస్తుంటే అక్కడ నీళ్లు కిందికి దూకుతున్నాయి. ఒడ్డుకు చేరి నడిచి వెళ్లి చూడండి.

మనుషులు ఎక్కువగా మోసపోయేవి రెండున్నాయి. ఒకటి, ప్రవాహానికి అడ్డంగా పడిన చెట్టు. నీళ్లు కొమ్మల మధ్య నుంచి పోతాయి, పడవా మనిషీ పోలేరు. అక్కడే అదిమిపట్టి ఉంచుతుంది. రెండోది, అడుగున్నర రెండడుగుల ఎత్తుండే చిన్న ఆనకట్ట. చూడ్డానికి పిల్లకాలువ మెట్టులా అమాయకంగా ఉంటుంది. దాని కింద నీళ్లు సుడి తిరిగి మళ్లీ గోడ వైపుకే లాగుతుంటాయి, పడినవాళ్లను బయటికి వదలవు. కాపాడబోయి దిగినవాళ్లు కూడా అందులోనే పోతారు. ఆనకట్ట ఎంత చిన్నదైనా పడవను ఒడ్డున మోసుకుంటూ దాటించడమే పద్ధతి.

వేగం గురించి ఒక్క లెక్క గుర్తుంచుకోండి. ప్రవాహ వేగం రెట్టింపైతే అది మీ మీద వేసే బలం నాలుగు రెట్లవుతుంది. నిన్న మోకాలి లోతులో హాయిగా నిలబడ్డ చోట ఇవాళ కాస్త నీరు పెరిగితే నిలబడలేకపోవడం అందుకే. నదుల కష్టాన్ని అంతర్జాతీయంగా 1 నుంచి 6 తరగతులుగా చెబుతారు. గేలం వేసే చిన్న పడవకు ఒకటి చాలు, అనుభవం ఉంటే రెండు. మూడు నుంచి అది వేరే ఆట, వేరే పడవ.

చేపలు ఎక్కడ ఉంటాయి?

చేప రోజంతా ఎదురీదుతూ కూర్చోదు. తక్కువ శ్రమతో ఎక్కువ తిండి దొరికే చోట నిలబడుతుంది. అంటే వేగంగా పారే నీళ్లూ నిదానమైన నీళ్లూ ఒకదాన్నొకటి ఒరుసుకునే అంచున. నిదానమైన వైపు నిలబడి, వేగమైన వైపు కొట్టుకొచ్చే పురుగునో చిన్న చేపనో అందుకుంటుంది. కాబట్టి రాయి వెనక, మడుగు మొదట్లో నీళ్లు దూకే చోట, ఒడ్డు కింద నీళ్లు తొలిచిన గూళ్లలో, పడిన చెట్టు నీడన, వాగు వచ్చి నదిలో కలిసే చోట వెతకండి.

ఎండాకాలం మధ్యాహ్నం లెక్క మారుతుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా పట్టే నీరు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడుతుంది. అందుకని వేడి రోజుల్లో చేపలు నురగలు కక్కే నీళ్లలోకో లోతుకో వెళ్తాయి, మేతకు తెల్లవారుజామున, పొద్దుగూకాక వస్తాయి. వాన తర్వాత నీళ్లు బురదగా ఉన్నప్పుడు కంటికి కనిపించే ఎర కన్నా వాసన ఉన్న ఎర, కదిలినప్పుడు నీళ్లను అదిరించే ఎర నయం. చేప ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖ ఆ అదురును పసిగడుతుంది. పడవ అడుగుకు తెడ్డు టప్పున తగిలితే అదీ దానికి తెలుస్తుంది. మాటల కన్నా ఆ చప్పుడే ఎక్కువ చెడగొడుతుంది.

పడవలోంచి గేలం వేయడానికీ ఒడ్డు మీద నుంచి వేయడానికీ తేడా ఏమిటి?

అసలు తేడా లంగరులో ఉంది. పారే నీళ్లలో లంగరు తాడును పడవ ముక్కుకే కట్టాలి. పక్కన గానీ వెనక గానీ కడితే ప్రవాహం ఆ వైపును కిందికి లాగి నిమిషంలో నీళ్లు నింపేస్తుంది. తాడు లోతుకు ఐదు నుంచి ఏడు రెట్లు ఉండాలి, లేకపోతే లంగరు పట్టకుండా దొర్లుతుంది. చేతికందేలా ఒక పదునైన కత్తి ఉంచుకోండి. దుంగ కొట్టుకొస్తున్నప్పుడు ముడి విప్పే తీరిక ఉండదు, తాడు కోసేయడమే. ఒరవడి గట్టిగా ఉన్న చోట అసలు లంగరు వేయకుండా ప్రవాహంతో పాటు జారుతూ గేలం వేయడం మంచిది.

విసిరేటప్పుడు వెనక ఎవరున్నారో చూసి విసరండి. ఇద్దరున్న పడవలో ఇద్దరూ ఒకేసారి విసరకూడదు. తల పైన కరెంటు తీగలు కూడా చూసుకోండి. కార్బన్ ఫైబర్‌తో చేసిన గేలపు కర్ర విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. తీగకు తగలక్కర్లేదు, దగ్గరికి పోయినా చాలు.

దారం, ముల్లు ఎలా ఎంచుకోవాలి?

కొత్తవాళ్లకు మామూలు నైలాన్ దారం చాలు. అది కాస్త సాగుతుంది కాబట్టి చేప ఒక్క గుంజు గుంజినా తెగదు, మన తొందరపాటును క్షమిస్తుంది. అల్లిన దారం సన్నగా ఉండి బలంగా ఉంటుంది, చేప ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది. కానీ సాగదు, వేళ్లు కోసుకుంటాయి. ఫ్లోరోకార్బన్ అనే ఇంకో రకం దారం నీళ్లలో తక్కువగా కనిపిస్తుంది, త్వరగా మునుగుతుంది. ఏ దారమైనా ముడి బిగించే ముందు తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి అక్కడే బలహీనపడి, చేప పడ్డప్పుడు అక్కడే తెగుతుంది.

ముల్లు అంకెలు మొదట్లో తికమకపెడతాయి. అంకె పెరిగే కొద్దీ ముల్లు చిన్నదవుతుంది, 12 కన్నా 6 పెద్దది. 1 దాటాక 1/0, 2/0 అంటూ మళ్లీ పెరుగుతుంది. మొన లోపలికి తిరిగిన సర్కిల్ హుక్ వాడితే చేప పట్టగానే గుంజకండి. దారం నిదానంగా చుట్టండి, అదే మూతి మూలన పడుతుంది. గుంజే అలవాటున్న పాతవాళ్లకే ఇది కష్టం.

పట్టిన చేపను వదిలేస్తే బతుకుతుందా?

ఎంతసేపు గాలిలో ఉంచారన్న దాన్ని బట్టి. 1992లో కెనడాలో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే పరిశోధకులు రెయిన్‌బో ట్రౌట్ చేపలను బాగా అలిసేదాకా ఈదించి చూశారు. అసలు గాలిలోకి తీయని వాటిలో 12 శాతం చనిపోయాయి. 30 సెకన్లు గాలిలో ఉంచిన వాటిలో 38 శాతం, ఒక నిమిషం ఉంచిన వాటిలో 72 శాతం. అన్ని జాతులూ ఇంత సున్నితం కావు, ట్యాంకులో చేసిన పరీక్ష నదికి అచ్చంగా వర్తించదు. అయినా ఫోటో కోసం చేపను ఎత్తి పట్టుకుని నవ్వుతున్నప్పుడు ఆ అంకెలు గుర్తొస్తే మంచిదే.

చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేయి ఒంటి మీది జిగురును ఊడదీస్తుంది. మొప్పల్లో వేళ్లు పెట్టొద్దు. ముల్లు గొంతులోకి దిగిపోయి ఉంటే పీకకుండా దారం దగ్గరగా కత్తిరించి వదలండి. వెనక్కి తిరిగిన చిన్న మొనను శ్రావణంతో ముందే నొక్కేసిన ముల్లు వాడితే చేపకూ మీ వేళ్లకూ సుఖం. వదిలేటప్పుడు చేప తలను ఎగువకు పెట్టి, అది తనంతట తాను కదిలి వెళ్లేదాకా పట్టుకోండి. చల్లటి నీళ్ల చేపలను మాత్రం నీళ్లు 20 డిగ్రీలు దాటిన రోజు పట్టకపోవడమే మంచిది.

తినడానికే అయితే తాత్సారం చేయొద్దు. తల మీద ఒక్క గట్టి దెబ్బతో చంపి, మొప్పలు కోసి రక్తం వదిలించి, ఐస్‌లో పెట్టండి. పడవ అడుగున కొట్టుకుంటూ చచ్చిన చేప బాధా పడుతుంది, రుచీ చెడుతుంది.

ముల్లు వేలికి గుచ్చుకుంటే?

వెనక మొన లోపలికి దిగకపోతే వచ్చిన దారినే తీసేయొచ్చు. దిగితే ఒక పద్ధతుంది. ముల్లు వంపు దగ్గర గట్టి దారం ఉచ్చులా వేయాలి. ముల్లు కాడను ఒక వేలితో చర్మం వైపు నొక్కి పట్టాలి. ఇంకొకరు ఆ దారాన్ని చర్మానికి సమాంతరంగా ఒక్క ఊపున లాగాలి. నెమ్మదిగా లాగితే పని జరగదు. కంటి దగ్గర, మెడ మీద, కీళ్లలో అయితే ముట్టుకోకుండా కట్టు కట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోవాల్సిందే.

వేటకు చట్టం ఒప్పుకుంటుందా?

దేశాన్ని బట్టి ఉంటుంది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువుల, పక్షుల వేటను నిషేధించింది. ఇక్కడ సరదా వేటకు లైసెన్సు అనేదే లేదు. కాబట్టి కింద వేట గురించి చెప్పిందంతా దాన్ని అనుమతించే దేశాల్లో ఉన్నవాళ్లకు. అక్కడ కూడా కాలం, జాతి, ఎన్నింటిని కొట్టొచ్చన్న పరిమితి, ఆయుధం అన్నీ నిబంధనల్లో ఉంటాయి. అమెరికాలో నీటి పక్షులను వేటాడే 16 ఏళ్లు నిండినవాళ్లు ఫెడరల్ డక్ స్టాంప్ కొనాలి. 1934 నుంచి ఉన్న ఈ పద్ధతిలో వచ్చే సొమ్ము చిత్తడి నేలలు కొనడానికీ కాపాడడానికీ వెళ్తుంది. చేపలు పట్టడానికి కూడా చాలా చోట్ల లైసెన్సు కావాలి, గుడ్లు పెట్టే కాలంలో నిషేధం ఉంటుంది. వెళ్లే ఏడాది నిబంధనలే చదవండి, కిందటేడాదివి కాదు.

పడవలోంచి తుపాకీ పేల్చడం ఎంతవరకు క్షేమం?

తుపాకీ వెనక్కి తన్నే బలం, గురిపెట్టేవాడు ఒక పక్కకు మళ్లడం, ఎగిరే పక్షిని చూసి పక్కవాడు ఆత్రంగా లేవడం: మూడూ ఒకే క్షణంలో జరుగుతాయి. అందుకే ఒక పడవలో ఒక సమయంలో ఒక్కరే పేల్చాలి, అదీ కూర్చునే, పడవ ముక్కు వైపుకే. రెండోవాళ్లు వెనక కూర్చుని తెడ్డు పట్టుకుంటారు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తుపాకీ ఖాళీగా, తెరిచి ఉండాలి. ముందు మనిషి ఎక్కాలి, తర్వాత ఖాళీ తుపాకీ అందుకోవాలి. గొట్టం పట్టుకుని తన వైపు లాక్కోవడం వల్ల జరిగిన ప్రమాదాలకు కొదవలేదు.

నీళ్ల మీద వాలుగా తగిలిన గుండు మునగదు, చదునైన రాయిలా ఎగిరి అవతలి ఒడ్డుకు పోతుంది. నీటి మీద కూర్చున్న పక్షి మీద పేల్చకపోవడానికి మర్యాదతో పాటు ఇదీ కారణమే. మోటారు నడుస్తుండగా పేల్చడం అమెరికాలో వలస పక్షుల విషయంలో చట్టవిరుద్ధం. మోటారు ఆపాలి, దాని వల్ల వచ్చిన కదలిక కూడా పూర్తిగా ఆగాలి.

సీసం గుళ్ల సంగతి విడిగా చెప్పాలి. బాతులు తిండి అరగడానికి చిన్న రాళ్లు మింగుతాయి. అడుగున పడ్డ సీసం గుళ్లను కూడా రాళ్లనుకుని మింగితే కందనకాయలో అవి అరిగి రక్తంలో కలుస్తాయి. కొద్ది గుళ్లు చాలు పక్షి చనిపోవడానికి. అమెరికా నీటి పక్షుల వేటలో 1991 నుంచి దేశమంతటా సీసాన్ని నిషేధించింది. యూరోపియన్ యూనియన్ 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో వద్దంది. ఉక్కు గుళ్లు సీసం కన్నా తేలిక కాబట్టి వేగం త్వరగా పోతుంది. రెండు సైజులు పెద్దవి వాడి, దూరం తగ్గించుకోవాలి. పాత తుపాకీ గొట్టం ఉక్కుకు తట్టుకుంటుందో లేదో ముందు అడిగి తెలుసుకోండి. గేలానికి కట్టే సీసం గుండ్లకూ ఇదే గొడవ ఉంది. బ్రిటన్ 1987లోనే వాటిలో చాలా సైజుల అమ్మకం ఆపేసింది.

నీళ్లలో దిగడానికి వేసుకునే రబ్బరు బూట్ల ప్యాంటులో నీళ్లు నిండితే మునిగిపోతామా?

లోపలి నీరూ బయటి నీరూ ఒకటే, కాబట్టి అది కిందికి లాగదు. కానీ ఒడ్డు ఎక్కేటప్పుడు ఆ బరువంతా మీదే. నడుముకు బెల్టు బిగించుకుంటే నీళ్లు ఎక్కువ చేరవు.

పడవ తిరగబడితే ఏం చేయాలి?

మొదటి నిమిషం ఏమీ చేయొద్దు, ఊపిరి నిలకడకు రానివ్వండి. తర్వాత పడవను పట్టుకోండి. బోల్తా పడినా అది తేలుతుంది, దూరం నుంచి మీ తల కన్నా బాగా కనిపిస్తుంది. అయితే పారే నీళ్లలో ఎప్పుడూ పడవకు ఎగువ వైపే ఉండండి. దిగువ వైపు ఉంటే నీళ్లు నిండిన పడవకూ రాయికీ మధ్య నలిగిపోతారు.

పడవ చేయి జారితే వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాచి దిగువకు పెట్టి, మడమలు నీటి పైకి తేలేలా ఉంచండి. చేతులతో ఒడ్డు వైపు ఏటవాలుగా జరగండి. నిలబడాలన్న కోరిక బలంగా కలుగుతుంది, నిలబడొద్దు. పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే ప్రవాహం మిమ్మల్ని ముందుకు తోసి తల ముంచేస్తుంది. నీళ్లు మోకాళ్ల కన్నా తక్కువ ఉన్నాకే లేవండి. ఎదురుగా అడ్డం పడ్డ చెట్టు వస్తే మాత్రం అంతా తిరగేయాలి. బోర్లా తిరిగి, తల ముందుకు పెట్టి, దాని వైపుకే గట్టిగా ఈది, పైకి ఎగబాకాలి.

ఒడ్డున ఉన్నవాళ్లు నీళ్లలోకి దూకొద్దు. సంచిలో చుట్టిన 15 నుంచి 20 మీటర్ల తేలే తాడు విసరండి. తాడు కొసను ఎవరూ తమ ఒంటికి కట్టుకోకూడదు, చేత్తోనే పట్టుకోవాలి.

వాతావరణం ఎలా ఉంటే వెనక్కి రావాలి?

మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు కూడా లేదంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది. ఒడ్డెక్కి, ఒంటరి చెట్టు కింద కాకుండా భవనంలోకో కారులోకో చేరండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. నది విషయంలో మీ నెత్తిన ఎండ ఉండటం ఏమీ తేల్చదు. ఎగువన కురిసిన వాన గంటల తర్వాత మీ దగ్గరికొస్తుంది. తేటగా ఉన్న నీళ్లు రంగు మారడం, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకురావడం, ఒడ్డున తడి గీత పైకి జరగడం కనిపిస్తే సామాను సర్దకుండానే కదలండి. ఎగువన డ్యామ్ ఉంటే నీళ్లు వదిలే వేళలు ముందే కనుక్కోండి.

ఒక్కడినే వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. ఎక్కడ దిగుతున్నారో, ఎక్కడ బయటికొస్తారో, ఎన్నింటికి ఫోన్ రాకపోతే వెతకాలో ఒకరికి రాసిచ్చి వెళ్లండి. ఫోన్ నీళ్లు చొరని సంచిలో పెట్టి, పడవకు కాకుండా మీ ఒంటికి కట్టుకోండి. జాకెట్‌కు ఒక విజిల్ తగిలించుకోండి, మూడు ఊదులు అంటే సాయం కావాలని. మోటారు ఉంటే దాన్ని ఆపే తాడు మణికట్టుకు ఉండి తీరాలి. లేకపోతే మీరు పడ్డాక పడవ గుండ్రంగా తిరిగి మీ మీదికే వస్తుంది.

ఇంటికొచ్చాక పడవను ఏం చేయాలి?

కడగండి, అడుగున నీళ్లు పూర్తిగా వదిలేయండి, ఎండబెట్టండి. ఇంకో నదిలో దించే ఆలోచన ఉంటే ఇది మరీ ముఖ్యం. గోరంత జీబ్రా ఆల్చిప్పలు 1988లో ఉత్తర అమెరికా గ్రేట్ లేక్స్‌లో బయటపడి, ఓడలు నిలకడ కోసం అడుగున నింపుకునే నీటితో వచ్చినవి కాస్తా చిన్న పడవల మీద ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పాకాయి. వాటి పిల్లలు కంటికి కనిపించవు, ఐస్ పెట్టెలోనో ఎర డబ్బాలోనో మిగిలిన కాసిన్ని నీళ్లు చాలు. మిగిలిన ఎరను నదిలో పారబోయకండి. తెగిన దారం ముక్కలు కూడా వెంట తెచ్చేసుకోండి, పక్షుల కాళ్లకు చుట్టుకునేవి అవే. పడవను బోర్లించి, నేలకు తగలకుండా రెండు దుంగల మీద పెట్టండి. అడుగున నీళ్లు వదిలే రంధ్రానికి పెట్టే బిరడాను తాళం చెవితో కలిపి కట్టుకుంటే వచ్చేసారి నీళ్లలో దించే ముందే గుర్తొస్తుంది.